ఎవరి స్త్రీవాదం వారిదేనా?

ఆస్తిలో వాటా అడిగినవాళ్లు, సారా కొట్టు మూయించినవాళ్లు, కవిత రాసి తిట్లు తిన్నవాళ్లు, చార్జీ లేకుండా బస్సెక్కి పుట్టింటికి వెళ్లొచ్చినవాళ్లు... అందరిదీ స్త్రీవాదమేనా? తెలుగునాట నూటపాతికేళ్లుగా నడుస్తున్న ఈ వాదులాట మీదే ఈ వారం ముఖచిత్ర కథనం.

ఒక రైతు ఇల్లు అనుకోండి. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. పెద్దమ్మాయికి 1985 వేసవిలో పెళ్లి చేశారు. చిన్నమ్మాయికి ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. తండ్రి ఒక్కడే, పొలమూ ఒక్కటే. అయినా ఉమ్మడి ఆస్తిలో తమ్ముడితో సమానంగా చిన్నమ్మాయికి హక్కు వచ్చింది, పెద్దమ్మాయికి రాలేదు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి రావడం, ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు వర్తించకపోవడమే కారణం. కూతుళ్లను పుట్టుకతోనే కొడుకులతో సమాన హక్కుదారులను చేసిన మొదటి రాష్ట్రం మనదే. పెళ్లయిన కూతుళ్లను గుమ్మం బయటే నిలబెట్టిందీ మనమే. పార్లమెంటు 2005లో దేశమంతటికీ సవరణ తెచ్చేదాకా పెద్దమ్మాయికి దారి లేదు. అప్పటికే పంపకాలు పూర్తయిపోయిన ఇళ్లలో ఆ తర్వాతా లేదు.

ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి చూస్తే ఏమంటారో మనకు తెలియంది కాదు. "కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద అరెకరం రాశాం, ఇంకా ఏం హక్కులు?" అంటాడు తమ్ముడు. "వాటా కోసం పేచీ పెట్టుకుంటే రేపు ఆపదొస్తే పుట్టింటి గడప ఎలా తొక్కుతారు?" అంటుంది తల్లి. "ముందు పుట్టడమే నా తప్పా?" అంటుంది పెద్దమ్మాయి. చట్టం కలిసొచ్చిన చిన్నమ్మాయేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెడుతుంటుంది, తమ్ముడి ప్రేమ కాపాడుకోవడానికి. ఆడవాళ్ల హక్కులంటే ఏమిటన్న దానికి ఒకే కప్పు కింద నాలుగు జవాబులు.

రెండు రాష్ట్రాల్లో, సముద్రాల అవతల, పొలాల్లో, ఆఫీసుల్లో ఉన్న కోట్ల మంది తెలుగువాళ్లను అడిగితే ఇంకెన్ని జవాబులొస్తాయి? ఫెమినిజం అనగానే పట్నం, పెద్ద చదువు, కోపం కలిసిన ఒక బొమ్మ చాలామంది మనసులో మెదులుతుంది. ఆ బొమ్మలో ఇమడడం ఇష్టం లేక "నేను ఫెమినిస్టును కాదు గానీ" అని మొదలుపెట్టి, సమాన జీతం అడిగేవాళ్లున్నారు. ఆ మాట ఎన్నడూ వినకుండానే ఊరి సారా కొట్టు మీదికి చీపుళ్లతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. వీళ్లు కోరినవి వేరు, ఎదిరించినవి వేరు. తమలో తాము పోట్లాడుకున్న సందర్భాలూ తక్కువేం కాదు. కానీ కాస్త లోతుకు వెళితే అన్నింటి అడుగునా ఒక ప్రశ్న తగులుతుంది. నా చదువు, నా ఒళ్లు, నా కూలి, నా వాటా విషయంలో నిర్ణయం ఎవరిది?

చదువు ఎందుకన్న దగ్గరే తేడా

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసి వంటవాళ్లు, నీళ్లవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు మోసి, వచ్చినవాళ్లకు వండి పెట్టారు. సంస్కరణ చరిత్రలో ఆ బిందెల బరువుకు దక్కిన చోటు తక్కువ. వీరేశలింగం ఆడవాళ్ల కోసం నడిపిన పత్రిక పేరు 'సతీహితబోధిని'. చదువుకున్న స్త్రీ మంచి ఇల్లాలవుతుంది, మంచి తల్లవుతుంది అన్నది ఆ తరం సంస్కర్తల నమ్మకం. ఆడవాళ్లకు ఏది హితమో తేల్చే పని మాత్రం మగవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆ పాఠశాల తెరిచిన ఏడే, అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో భండారు అచ్చమాంబ పుట్టారు. ఆమెను బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చువేశారు. ఆడవాళ్లు తెలివిలేనివాళ్లు, చదివిస్తే చెడిపోతారు అనేవాళ్లకు చరిత్రలోని స్త్రీల జీవితాలనే సాక్ష్యంగా నిలబెట్టిన పుస్తకం అది. మరుసటి ఏడాది ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊళ్లు తిరిగి ఇంకెన్నో సమాజాలు పెట్టించారు. ముప్ఫై ఏళ్లకే, 1905లో కన్నుమూశారు. చదువు భర్తకు పనికొచ్చేందుకన్న వాదాన్ని ఆమె పుస్తకం చెప్పాపెట్టకుండా పక్కకు నెట్టింది. ఆడది తెలివైనదని రుజువైతే చాలు, ఆ తెలివితో ఏం చేసుకోవాలో ఆమెకే తెలుస్తుంది.

వీరేశలింగంతో నేరుగా తలపడిన స్త్రీ మరొకరు ఉన్నారు. తంజావూరు ఆస్థానానికి చెందిన 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అసభ్యమని, ఆడది రాయదగ్గది కాదని వీరేశలింగం తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యం అసలు ప్రతిని సంపాదించి 1910లో పరిష్కరించి అచ్చువేయించారు. సిగ్గు ఆడవాళ్లకేనా, ఇదే శృంగారం మగకవులు రాస్తే ఎందుకు మెచ్చుకుంటారు అని పీఠికలో నిలదీశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడుగానీ ఆ నిషేధం తొలగలేదు.

నాగరత్నమ్మ కథలో ఇంకో మలుపు ఉంది. దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలని మద్రాసు శాసనమండలిలో పట్టుబట్టినవారు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. ఆమె తల్లిదీ ఆ కుటుంబ నేపథ్యమే. గుడి పేరుతో ఆడపిల్లల్ని బలిచేయడం ఆగాలన్నది ఆమె పట్టుదల. దాన్ని వ్యతిరేకించిన దేవదాసీలలో నాగరత్నమ్మ ఒకరు. సంగీతం, నాట్యం, తల్లి నుంచి కూతురికి వచ్చే ఆస్తి హక్కు మాకున్నాయి, వాటి మాటేమిటని దేవదాసీలు అడిగారు. 1947లో చట్టం వచ్చింది. ఎంతోమంది పసిపిల్లలకు విముక్తి దొరికింది. ఎంతోమంది కళాకారిణులకు బతుకుతెరువు పోయింది. ఇద్దరిలో స్త్రీవాది ఎవరని అడిగితే ఒక్కరి పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు.

దళంలో నాయకురాలు, తర్వాత?

1940లలో తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లకు చదువుకన్నా ముందు తిండిగింజలు కావాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలు చేసుకున్న పొలంలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా కమ్యూనిస్టు సంఘం అండతో ఇంటికి చేర్చుకున్నారు. దొర ఇంటికి వెట్టి చేయాల్సిన కులంలో పుట్టిన స్త్రీ, పండించినది నాదేనని నిలబడడం ఆ రోజుల్లో భూకంపంతో సమానం. మల్లు స్వరాజ్యం ఇరవై ఏళ్లు నిండకముందే తుపాకీ పట్టి దళాన్ని నడిపారు. ఆరుట్ల కమలాదేవి అజ్ఞాతంలో తిరిగారు.

దొరల మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించారు. చాలామంది ఆడవాళ్లకు ఆ తర్వాత మిగిలింది ఇల్లే. ఎక్కడి నుంచి బయటికొచ్చారో అక్కడికే తిరిగి వెళ్లారు. కొందరిని భర్తలు, బంధువులు అనుమానంగా చూశారు. పిల్లల్ని ఎవరికో అప్పగించి అడవికి వెళ్లిన తల్లులకు ఆ దుఃఖం జీవితాంతం తోడుంది. వీళ్ల మాటలు చాలాకాలం ఎవరూ రాసుకోలేదు. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు ఊళ్లు తిరిగి, వాళ్ల నోటి మాటలను టేపుల్లో పట్టి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. ఆ ఆడవాళ్ల గొంతుల్లో గర్వమూ ఉంది, లోటూ ఉంది. దొర పెత్తనం కూలింది, ఇంట్లో పెత్తనం అలాగే ఉంది. దోపిడీ పోతే ఆడవాళ్ల కష్టాలూ వాటంతటవే పోతాయన్న నమ్మకాన్ని ఆ పుస్తకం గట్టిగానే కుదిపింది.

మల్లు స్వరాజ్యం తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్లారు. హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో తెలంగాణ ప్రభుత్వం చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. ఐలమ్మ భూమి కోసం పోరాడింది, ఆమె పేరు మీద ఇప్పుడు డిగ్రీలు ఇస్తున్నారు. ఆ డిగ్రీలు అందుకునే ఆడపిల్లల్లో ఎంతమంది పేర్ల మీద పట్టాదారు పాసుపుస్తకం ఉంటుందన్నది వేరే లెక్క.

వంటిల్లు అందరికీ జైలేనా?

1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగింది. నిలదీసిన భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టాల్సివచ్చింది. ఈ కేసు మీదా, మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలికకు స్టేషన్‌లోనే జరిగిన అన్యాయం మీదా దేశమంతటా మహిళా సంఘాలు చేసిన పోరాటంతో 1983లో అత్యాచార చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించారు. తెలుగునాట కొత్తతరం స్త్రీవాదం ఆ వేడిలో పుట్టింది. 1974లో వచ్చిన ప్రగతిశీల మహిళా సంఘం, 1978లో మొదలైన స్త్రీ శక్తి సంఘటన, 1985లో ఏర్పడిన అన్వేషి పరిశోధన కేంద్రం, 1993 నుంచి వచ్చిన 'భూమిక' పత్రిక దాన్ని ముందుకు నడిపాయి.

అదే కాలంలో కవిత్వమూ మారిపోయింది. వంట, కాన్పు, గర్భస్రావం, భర్త చూపు, చీర లాంటివి అప్పటిదాకా కవితా వస్తువులు కావు. విమల, జయప్రభ, కొండేపూడి నిర్మల, పాటిబండ్ల రజని, ఘంటశాల నిర్మల లాంటివారు వాటినే రాశారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. కొందరు పెద్దమనుషులు అది నీలి కవిత్వమని వెక్కిరించారు. వేల ఏళ్లుగా స్త్రీ శరీరాన్ని వర్ణించిన సాహిత్యానికి, స్త్రీ తన శరీరం గురించి తానే మాట్లాడితే తట్టుకోవడం కష్టమైంది. ఓల్గా నవల 'స్వేచ్ఛ' మరో గొడవ రేపింది. ప్రేమించి పెళ్లాడిన మంచి భర్త ఉన్న ఇంట్లో కూడా భార్యకు ఊపిరాడకపోవచ్చని చెప్పడం చాలామందికి మింగుడుపడలేదు.

ఈ కవిత్వాన్ని, ఆలోచనను ప్రశ్నించినవాళ్లంతా మగవాళ్లూ సంప్రదాయవాదులూ అనుకుంటే పొరపాటే. మార్క్సిస్టు రచయిత్రి రంగనాయకమ్మ దృష్టిలో ఆడవాళ్ల బానిసత్వానికి మూలం శ్రమ విభజనలో ఉంది. దాన్ని వదిలి మగవాళ్ల మీద తిరగబడడంతో సరిపెట్టుకుంటే ప్రయోజనం లేదన్నది ఆమె వాదం. అంతకన్నా గట్టి ప్రశ్న దళిత స్త్రీల నుంచి వచ్చింది. వంటిల్లు జైలు అంటున్నారు సరే, విడిగా వంటిల్లు ఉన్న ఇల్లు మాకెక్కడిది? గడప దాటడమే స్వేచ్ఛ అంటున్నారు, తెల్లవారకముందే గడప దాటి మీ పొలాల్లో కలుపు తీసి, మీ ఇళ్లలో అంట్లు తోమేది మేమే కదా? మీకు మొగుడొక్కడే యజమాని, మాకు మొగుడితోపాటు ఆసామి, ఆ ఆసామి భార్య, ఊరు, కులం అందరూ యజమానులే.

జూపాక సుభద్ర, గోగు శ్యామల, చల్లపల్లి స్వరూపరాణి, జాజుల గౌరి తమ కథల్లో, కవితల్లో ఆ ప్రశ్నకు పల్లె భాషలో ప్రాణం పోశారు. దళిత స్త్రీల సాహిత్యాన్ని గోగు శ్యామల 'నల్లపొద్దు'గా 2003లో ఒకచోట చేర్చారు. దళిత ఉద్యమంలోని మగ నాయకత్వాన్నీ ఈ రచయిత్రులు వదిలిపెట్టలేదు. వేదిక మీద కుర్చీలు మీకు, కింద చప్పట్లు మాకా అని అడిగారు. షాజహానా తన కవిత్వంలో ఇంట్లోని మగ పెత్తనాన్నీ, బయట తన మతం మీద పడే అనుమానపు చూపునూ ఒకేసారి ఎదుర్కొన్నారు. ఒకదాని గురించి మాట్లాడితే రెండోదానికి బలం చేకూరుతుందేమోనన్న చిక్కు ముస్లిం స్త్రీకి ఎప్పుడూ ఉంటుంది. పై కులం స్త్రీకి ఆ చిక్కు తెలియదు.

ఇలా లోపలి నుంచి వచ్చిన ప్రశ్నలు స్త్రీవాదాన్ని చీల్చాయని బాధపడ్డవాళ్లున్నారు. నిజానికి ఆ ప్రశ్నలే లేకపోతే అది నాలుగు వీధుల వ్యవహారంగా మిగిలిపోయేది. నిర్ణయం ఎవరిదని మగవాడిని అడిగిన ఉద్యమం, అదే ప్రశ్న తనకు ఎదురైనప్పుడు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

దూబగుంట ఆడవాళ్ల లెక్క

ఇప్పుడు కవిత్వం ఊసే లేని చోటికి వెళ్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పెద్దఎత్తున నడిచింది. రాత్రిబడుల్లో ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. సారా తాగి చనిపోయిన భర్త, కూలి డబ్బులన్నీ కొట్టులో పోసే కొడుకు, రోజూ పడే దెబ్బలు. వాచకంలోని పాఠం, ఇంట్లోని పాఠం ఒకటేనని తెలిసింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు ఊళ్లోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. ఊరు ఊరుకూ అది పాకింది. సారా వేలంపాటలు జరగకుండా కలెక్టరాఫీసుల ముందు బైఠాయించారు. తాగొచ్చినవాళ్లకు అన్నం పెట్టేది లేదన్నారు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తేశారు.

దూబగుంట ఆడవాళ్లను పుస్తకాల స్త్రీవాదులు తమవాళ్లేనన్నారు. వామపక్షాలు తమవాళ్లన్నాయి, గాంధేయవాదులూ తమవాళ్లేనన్నారు. ఆ ఆడవాళ్లకు ఈ పేర్లతో పనిలేదు. ఇంటికి రావాల్సిన కూలి ఇంటికి రావాలి, ఒంటి మీద దెబ్బ పడకూడదు. ఒక్క సారా ప్యాకెట్టులో భర్త తాగుడు, కాంట్రాక్టరు లాభం, ప్రభుత్వ ఆదాయం మూడూ కలిసి ఉన్నాయని వాళ్లు గ్రహించారు. ఇంట్లో కొట్లాటకు, రాష్ట్ర బడ్జెట్‌కు ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా పట్టుకున్న సిద్ధాంత గ్రంథాలు తక్కువే.

న్యాయం: ఒకచోట పదిరోజుల్లోపు, ఒకచోట పదహారేళ్లు

2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. పూలు చల్లినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఇన్నాళ్లకు న్యాయం జరిగిందని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. అదే రోజు కొందరు మహిళా కార్యకర్తలు హైకోర్టును ఆశ్రయించారు. మా పేరు చెప్పి విచారణ లేకుండా చంపొద్దన్నారు. వాళ్ల మీద తిట్ల వర్షం కురిసింది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని తేల్చింది. ఈలోగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు వచ్చేలా దిశ బిల్లు ఆమోదించింది. అది చట్టం రూపం దాల్చలేదు.

దీని పక్కన ఇంకో కేసు పెట్టి చూడాలి. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో, గాలింపుకొచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపడుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి వాళ్లలో అందరూ బతికి లేరు.

నగరంలో చదువుకున్న కుటుంబానికి పోలీసు అంటే రక్షణ. మన్యంలో ఆదివాసీ స్త్రీకి భయమే ఆ యూనిఫాం రూపంలో వస్తుంది. తుపాకీతో న్యాయం చెప్పే అధికారం పోలీసులకు అప్పగించాక, రేపు ఆ తుపాకీ ఎటు తిరుగుతుందో నిర్ణయించేది ఆడవాళ్లు కాదు. ఆ రోజు పూల వర్షంలో తడవని కొద్దిమంది చెప్పింది అదే.

బస్సులో ఒకామె, వీసాలో ఒకామె

తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు అని మన సామెత. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ వస్తుంది. దీని మీద విసుర్లకు లోటు లేదు. సీట్లన్నీ వాళ్లే ఆక్రమించారు, పనిలేకుండా తిరుగుతున్నారు, గిరాకీ లేక ఆటోవాళ్లు మునిగిపోతున్నారు అంటారు. ఆటోవాళ్ల కష్టం నిజమే, దానికి ప్రభుత్వాలు జవాబు చెప్పాలి. కానీ పనిలేకుండా తిరగడం నేరమా? మగాడు సాయంత్రం సెంటర్‌కు వెళ్లి గంటలు గడిపితే అది కాలక్షేపం. ఆడమనిషి ఏ పనీ లేకుండా చెల్లెలింటికి వెళ్లొస్తే అది దుబారా. చార్జీకి డబ్బులు అడిగితే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అనే ప్రశ్నలన్నీ వెంట వస్తాయి. జీరో టికెట్ ఆ అడగడాన్నే తీసేసింది. మహిళా విశ్వవిద్యాలయంలో సెమినార్ వినని ఎందరో ఆడవాళ్లకు స్త్రీవాదం చేతికందింది ఆర్టీసీ కండక్టర్ ద్వారానే.

ఇక అమెరికాలోని తెలుగు ఇళ్ల సంగతి. ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద భర్త వెంట వెళ్లిన అమ్మాయిలు ఎందరో. ఆ వీసా మీద పని చేయడానికి వీల్లేదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చనే వెసులుబాటు 2015 మేలో వచ్చింది. ఆ దశ దాటేదాకా ఆమె చదువు పెట్టెలో సర్టిఫికెట్ మాత్రమే. భర్త ఉద్యోగం పోతే ఆమె నివాసం కూడా పోతుంది. భర్త కొడితే ఫిర్యాదు చేయడానికి ముందు వీసా సంగతి ఆలోచించుకోవాలి. సిద్దిపేటలో చార్జీకి చేయి చాచిన గృహిణికీ, టెక్సాస్‌లో డెబిట్ కార్డు అడిగిన ఇంజినీరుకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

మగవాళ్ల మాట

ఆడవాళ్ల తరఫున తెలుగులో అందరికన్నా గట్టిగా అరిచినవాడు ఒక మగవాడే. చలం 1927లో 'మైదానం' నవలతో రేపిన దుమారం ఇంకా సద్దుమణగలేదు. ఆయన పుస్తకాలు చదివి ధైర్యం తెచ్చుకున్న ఆడవాళ్లున్నారు. ఆయన నాయికలకు ప్రేమ దొరికింది గానీ సొంత పని, సొంత డబ్బు దొరికాయా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఈనాటి మగవాళ్లలో చాలామందికి స్త్రీవాదమంటే ముందు గుర్తొచ్చేది 498ఎ. భార్యపై భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చేసిన ఆ సెక్షన్ 1983లో వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. దీన్ని దుర్వినియోగం చేస్తున్నారన్న ఫిర్యాదుల నేపథ్యంలో, వెంటనే అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అబద్ధపు కేసులో ఇరుక్కున్న కుటుంబం బాధ చిన్నదేమీ కాదు. దాంతోపాటు ఇంకో లెక్కా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింస ఎదుర్కొన్నామన్నవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వీళ్లలో స్టేషన్ మెట్లెక్కేవాళ్లు ఎంత తక్కువో మన వీధులను చూసినా తెలుస్తుంది.

అదే సర్వేలో ఇంకా కలవరపెట్టే అంకె ఉంది. చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామల్ని లెక్కచేయకపోవడం, ఎదురు మాట్లాడడం, వంట సరిగా చేయకపోవడం లాంటి కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. పెద్ద రాష్ట్రాల్లో ఇంతమంది ఇంకెక్కడా అనలేదు. ఇది విని ఆడదానికి ఆడదే శత్రువు అనేవాళ్లుంటారు. పుట్టినప్పటి నుంచి చూసిందే న్యాయమని నమ్మడం శత్రుత్వం ఎలా అవుతుంది? దెబ్బ తప్పదని తెలిసినచోట దానికో కారణం వెతుక్కోవడం, బతకడానికి నేర్చుకున్న పద్ధతి.

మగవాళ్ల వాటా కేసులతో అయిపోదు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనిలో చేయి పెట్టినవాళ్లను మాత్రమే లెక్కేసినా ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేస్తున్నారు. 2019 సర్వేలో మగవాళ్ల వాటా 97 నిమిషాలు. ఐదేళ్లలో ఇళ్లలోకి మిక్సీలు, వాషింగ్ మెషీన్లు ఇంకా వచ్చాయి, మగవాడి చేయి మాత్రం ఇంకాస్త వెనక్కి పోయింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతీ అంతే. తెలుగు రాష్ట్రాల్లో ఆ ఆపరేషన్ దాదాపు పూర్తిగా ఆడవాళ్లకే. మగవాడికి చేసేది అంతకన్నా తేలికైన ఆపరేషన్ అని ప్రతి ఆశా కార్యకర్తకూ తెలుసు.

* * *

బాక్స్: మీ ఇంట్లో నిర్ణయం ఎవరిది?

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబులు చెప్పుకోండి. మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇంటి పత్రం, పొలం పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉన్నాయి? అమ్మాల్సివస్తే ఎవరి మాట చెల్లుతుంది?

ఆమె జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుంది?

ఆమెకు జ్వరమొస్తే ఆ పూట వంట ఎవరు చేస్తారు? హోటల్ నుంచి తెప్పించడం లెక్కలోకి రాదు.

ఇంకో బిడ్డ వద్దనుకుంటే ఆపరేషన్ ఎవరికి? ఆ సంగతి ఎవరు తేల్చారు?

బయటికి వెళ్లేటప్పుడు ఎవరు చెప్పి వెళ్తారు, ఎవరు అడిగి వెళ్తారు?

ఇంట్లో పనిచేసే మనిషికి వారానికో సెలవు ఉందా? ఆమె తాగే గ్లాసు వేరేనా?

* * *

ఇక కుర్చీల వంతు

బాక్సులోని చివరి ప్రశ్న ఇంటి ఆడవాళ్లకు కాస్త గుచ్చుకోవచ్చు. గుచ్చుకోవాలి కూడా. నిర్ణయాలు అందకపోవడం గురించి అడిగే స్త్రీ, తన చేతిలో ఉన్న పెత్తనాన్ని ఎలా వాడుతోందన్నది కూడా ఈ చర్చలో భాగమే. అత్తగారి హోదాలో, యజమానురాలి హోదాలో, సంఘం నాయకురాలి హోదాలో ఎవరి నోరు నొక్కుతున్నామో చూసుకోకపోతే పీఠం మీద మనిషి మారుతుంది, పీఠం అలాగే ఉంటుంది.

దీనికి అసలు పరీక్ష ముందుంది. రెండు రాష్ట్రాల స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద సర్పంచ్ భర్త కూర్చోవడం మనకు వింతగా అనిపించనంత మామూలైపోయింది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు కేటాయిస్తూ 2023 సెప్టెంబరులో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అమలును మాత్రం జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు అందులో కోటా ఉంది, బీసీ స్త్రీలకు లేదు. ఇన్నాళ్లకు ఆడవాళ్లకు వస్తుంటే మళ్లీ కులాల గొడవ ఎందుకని విసుక్కునేవాళ్లు ఉన్నారు. వంటిల్లు గురించి దళిత స్త్రీలు అడిగినప్పుడూ ఈ విసుగే వినిపించింది. చట్టం పెద్దమ్మాయిలను వదిలేసినప్పుడు, కనీసం చిన్నమ్మాయిలకైనా వచ్చింది కదా అని సర్దుకున్నదీ ఇలాగే.

స్త్రీవాదం ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థం కావడం దాని బలహీనత అని కొట్టిపారేయడం తేలిక. అచ్చమాంబకు చదువు, ఐలమ్మకు గింజలు, దూబగుంటకు కూలి డబ్బు, వాకపల్లికి న్యాయస్థానం కావాల్సివచ్చాయి. ఒకరి కోరికతో ఇంకొకరి కోరిక కొట్టేయలేం. ఒకరు సాధించినదాన్ని చూసి, ఇందులో మేమెక్కడ అని ఇంకొకరు అడగడం వల్లే ఇది ఇంతదూరం వచ్చింది. శాసనసభ కుర్చీల దగ్గరా ఆ మాట గట్టిగానే వినిపించాలి. ఆ తగువు లేకుండా పంచిన సీట్లలో ఎవరి కోడళ్లు, ఎవరి కూతుళ్లు కూర్చుంటారో నోటిఫికేషన్ రాకముందే చెప్పేయొచ్చు.